మందు పేరు చేరింది, షరతు చేరలేదు



హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు వెళ్లేవాళ్లకు అప్పా జంక్షన్ దాటాక మర్రిచెట్ల దారి మొదలవుతుంది. ఆ దారిలో వచ్చే ఊరు అజీజ్‌నగర్. ఒక పక్క హిమాయత్‌సాగర్, ఇంకో పక్క గండిపేట. ఒకప్పుడు ఈ రోడ్డు పేరు చెబితే కూరగాయలు, పూలతోటలు గుర్తొచ్చేవి. ఇప్పుడు వాటితో పాటు కాలేజీ బస్సులు కూడా గుర్తొస్తాయి. అజీజ్‌నగర్‌లో కె.ఎల్. విశ్వవిద్యాలయం హైదరాబాద్ ప్రాంగణం ఉంది. అజీజ్‌నగర్ గేటు దగ్గరే విద్యాజ్యోతి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మొయినాబాద్ మండలంలోనే యెంకేపల్లిలో భాస్కర్ మెడికల్ కాలేజీ, ఇంకా ముందుకెళ్తే చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. వెనక్కి తిరిగి రాజేంద్రనగర్ వెళ్తే ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. మనుషుల వైద్యం, పశువుల వైద్యం, పంటలు, యంత్రాలు, లెక్కలు, ఇలా ఇన్ని చదువులు ఒకే దారిలో దొరికే చోట్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

ఊరంతా జబ్బు పడిన రోజున ఈ చదువులు ఒకదానికొకటి ఎలా అందాలన్నదే ఇవాళ్టి మాట. ఒక విశ్వవిద్యాలయం కనిపెట్టిన సంగతి ఇంకో చోటికి చేరడం ఈ రోజుల్లో కష్టం కాదు. ఫోనులో ఒక వేలు కదిపితే చేరిపోతుంది. ఆ సంగతి ఎప్పుడు నిజం, ఎవరికి నిజం, ఏ పరిస్థితిలో నిజం అన్న షరతులు మాత్రం దారిలో రాలిపోతాయి. వాటిని రాలిపోనివ్వకుండా మోసుకురావడమే పక్కపక్కన ఉన్న విద్యాసంస్థలు చేయగలిగిన పని అని నేను నమ్ముతున్నాను.

2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక ప్రకటన చేసింది. బ్రిటన్‌లో 170కి పైగా ఆసుపత్రులను కలుపుకుని వాళ్లు రికవరీ అనే పరీక్ష నడిపారు. దశాబ్దాలుగా అందరికీ తెలిసిన, చవగ్గా దొరికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను 2 వేలకు పైగా కొవిడ్ రోగులకు ఇచ్చి, మామూలు చికిత్స పొందిన 4 వేలకు పైగా రోగులతో పోల్చి చూశారు. ఎవరికి మందు ఇవ్వాలన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. అప్పటిదాకా ప్రాణం కాపాడుతుందని రుజువైన మందు ఒక్కటీ లేదు. సరిగ్గా 11 రోజులకు, జూన్ 27న, మన కేంద్ర ఆరోగ్య శాఖ తన చికిత్సా మార్గదర్శకాల్లో ఆ మందును చేర్చింది. ఒక విశ్వవిద్యాలయపు ఫలితం అంత వేగంగా మన ఆసుపత్రి మంచం దాకా రావడం సామాన్యమైన సంగతి కాదు. దానివల్ల ఎన్నో ఇళ్లలో దీపం నిలిచింది.

అదే ప్రకటనలో ఇంకో వాక్యం ఉంది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు ఈ మందు వల్ల మేలేమీ కనిపించలేదన్నారు. తర్వాత వచ్చిన పూర్తి లెక్కల్లో ఆ గుంపులో మందు వేసుకున్నవాళ్లలోనే మరణాల శాతం కాస్త ఎక్కువగా కనిపించింది. అంటే కీడు చేసే అవకాశాన్ని కూడా కొట్టిపారేయలేం.

2021 వేసవి గుర్తు చేసుకోండి. రెండో ఉద్ధృతి. జ్వరం వచ్చిన మొదటి రోజునే స్టెరాయిడ్ మొదలుపెట్టిన ఇళ్లు ఎన్నో. ఎవరికో ఏదో ఆసుపత్రిలో రాసిన మందుచీటీ ఫొటో వాట్సాప్‌లో తిరిగేది. బంధువులకు, ఆ బంధువుల బంధువులకు చేరేది. మందు పేరు చేరింది, ఆక్సిజన్ తగ్గితేనే వాడాలన్న షరతు చేరలేదు. మే నెలకల్లా మనందరి నోటా కొత్త జబ్బు పేరు: బ్లాక్ ఫంగస్. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. కన్ను పోయినవాళ్లు, దవడ ఎముక తీసేయవలసి వచ్చినవాళ్లు ఉన్నారు. స్టెరాయిడ్ ఒక్కటే అందుకు కారణం కాదు. అదుపులో లేని షుగరు, కొవిడ్ వల్ల శరీరంలో వచ్చిన మార్పులు కూడా ఉన్నాయి. కానీ స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది. షుగరు జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ షరతుకు బ్రిటన్‌లో కంటే విలువ ఎక్కువ.

ఊళ్లో ఆర్ఎంపీని నిందించి ఈ విషయం ముగించేవాళ్లను చాలామందిని చూశాను. నాకు అది న్యాయంగా తోచదు. ఆయన దగ్గరికి మందు పేరు పది దారుల్లో వచ్చింది, షరతు ఒక్క దారిలోనూ రాలేదు. అది తీసుకెళ్లి కూర్చుని చెప్పవలసిన మనిషి ఎవరు? జిల్లాలోని వైద్య కళాశాలే అని నా జవాబు. అలాంటి పనికి అప్పుడు సరైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

షరతులతో సహా చేరిన కబురు కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. దానికి రావలసినంత పేరు రాలేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2016 ఏప్రిల్ 25న మన దేశం పోలియో చుక్కల మందును మార్చింది. అంతకుముందు చుక్కల్లో మూడు రకాల వైరస్‌లు బలహీనపరిచిన రూపంలో ఉండేవి. రెండో రకం ప్రపంచంలో సహజంగా అంతరించిపోయింది కాబట్టి దాన్ని తీసేసి రెండు రకాల చుక్కలు మొదలుపెట్టారు. సరిగ్గా ఆ మలుపులోనే, అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర మే నెలలో తీసిన నమూనాలో, టీకా నుంచి పుట్టి రూపు మారిన రెండో రకం వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకు కూడా పోలియో రాలేదు. మురుగునీరు ముందుగా హెచ్చరించింది. కానీ కొత్త చుక్కల్లో రెండో రకం లేదు. ఇంజెక్షన్ రూపంలోని టీకా కావాలి. దానికి ప్రపంచమంతటా కొరత.

అప్పుడు అక్కరకొచ్చినవి క్యూబా, ఒమన్ దేశాల్లో జరిగిన అధ్యయనాలు. కండరంలోకి ఇచ్చే పూర్తి మోతాదుకు బదులు, అందులో ఐదో వంతు చర్మం పొరల్లోకి ఇస్తే చాలినంత రక్షణ పుడుతుందని వాళ్లు అంతకు ముందే పసిపిల్లల మీద పరీక్షించి అచ్చు వేశారు. అంటే ఒకరి టీకా ఐదుగురికి వస్తుంది. ఇక్కడ షరతు చాలా కచ్చితమైనది. సూది చర్మం పొరల్లోనే ఆగాలి. చిన్న బుడిపె లేవాలి. లోపలికి దిగిపోతే ఆ కొద్ది మందు చాలదు. మన ఆరోగ్య కార్యకర్తలకు ఆ చేతివాటం కొత్తది కాదు, పుట్టిన బిడ్డకు బీసీజీ టీకా వేసేది అలాగే. 2016 జూన్ 20 నుంచి వారం రోజులు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల్లో 6 వారాల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లల్లో 3 లక్షల మందికి పైగా ఆ ఐదో వంతు టీకా వేశారు. హవానాలో ఎవరో పరిశోధకులు రాసుకున్న లెక్క, అంబర్‌పేటలో ఒక ఏఎన్ఎం వేళ్ల మధ్యకు వచ్చింది. బుడిపె లేచిందా లేదా అన్న చూపుతో సహా వచ్చింది.

అజీజ్‌నగర్‌కు, అంబర్‌పేటకు ఏమిటి సంబంధం అనుకోకండి. గండిపేట నుంచి మూసీ, హిమాయత్‌సాగర్ నుంచి ఈసీ దిగువకు పారి లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. నగరం నడుమ నుంచి పోయి అంబర్‌పేట చేరేది ఆ మూసీయే. 1908 సెప్టెంబరు వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో పుట్టినవి ఈ రెండు జలాశయాలు. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. ఆ వరద కూడా ప్రజల ప్రాణాల మీదికి వచ్చిన విపత్తే. దానికి జవాబు వేరే రాష్ట్రంలో నేర్చిన విద్యను ఇక్కడి నేల వాలు, ఇక్కడి వాన లెక్క చూసి సరిచేసుకుంటేనే దొరికింది.

పోలియో హెచ్చరిక ఇచ్చిన నాలుగేళ్ల తర్వాత మురుగునీరు మళ్లీ మాట్లాడింది. 2020 ఆగస్టులో కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి శుద్ధి కేంద్రాల నమూనాల్లో కరోనా వైరస్ ఆనవాళ్లు వెతికారు. సోకిన మనిషి ముక్కు నుంచే కాదు, మలంలో కూడా 35 రోజుల దాకా వైరస్ తునకలు విడుస్తాడు. అప్పట్లో నగరపు మురుగునీటిలో దాదాపు 40 శాతం మాత్రమే ఆ కేంద్రాలకు చేరేది. ఈ రెండు సంగతులు చేర్చి లెక్క కట్టి, ఆ 35 రోజుల వ్యవధిలో నగరంలో సుమారు 6 లక్షల 60 వేల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. ఒక్కొక్కరి ముక్కులో పుల్ల పెట్టకుండా నగరం మొత్తాన్ని ఒకేసారి చూసిన లెక్క అది. మరునాడు చాలామంది చెప్పుకున్నది 6 లక్షల అంకె ఒక్కటే. 35 రోజులు, 40 శాతం అన్నవి లేకుండా ఆ అంకె భయాన్ని పెంచుతుందే తప్ప దారి చూపదు. వాటితో కలిపి చదివితే కోలుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారని అర్థమవుతుంది.

ఆ రెండు సంస్థలు అంత తొందరగా కలిసి పనిచేయడానికి ఒక కారణం నాకు ఎప్పుడూ ఇష్టంగా ఉంటుంది. అవి ఇరుగుపొరుగు. 1977లో సీసీఎంబీకి అంకురం ఐఐసీటీలోనే, అప్పటి ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగంలోనే పడింది. మురుగునీటి ఇంజనీరింగ్ తెలిసినవాళ్లు గోడకు ఇటు, వైరస్ తెలిసినవాళ్లు గోడకు అటు. ఒకరికి పరిచయం అక్కర్లేదు, ఇంకొకరికి ఒప్పందపత్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

2020 డిసెంబరులోనే ఏలూరు ఘటన జరిగింది. 5వ తేదీ సాయంత్రం నుంచి జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లో బాధితులు 600 దాటారు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నారు. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి దేశంలోని పేరున్న సంస్థలు నమూనాలు తీసుకున్నాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒకరన్నారు. పురుగుమందుల అవశేషాలన్నారు ఇంకొకరు. వైరస్ జాడ లేదని మరొకరు చెప్పారు. డిసెంబరు మధ్యలో ప్రభుత్వం పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమై ఉండవచ్చని ప్రకటించింది. అవి మనుషుల్లోకి ఏ దారిలో వెళ్లాయన్న సందేహం ఏలూరు వాళ్లకు తీరలేదు. ప్రతి సంస్థా తన పని శ్రద్ధగానే చేసింది. కానీ ఒకరు రక్తం చూశారు, ఒకరు నీళ్లు, ఒకరు కూరగాయలు. ఏ నమూనా ఏ రోజు, ఏ వీధిలో, ఏ రోగి ఇంటి నుంచి తీశారన్నది మొదటి రోజు నుంచీ ఒకే పట్టికలో అందరి ముందూ ఉంటే, ఆ సమాధానం ఇంకా గట్టిగా ఉండేదని నాకనిపిస్తుంది. మన దారి సంగతికి వస్తే, చేవెళ్ల, మొయినాబాద్ తోటల్లోంచి రోజూ నగరానికి కూరగాయలు వెళ్తాయి. పురుగుమందు సంగతి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తెలుసు, మూర్ఛ సంగతి వైద్య కళాశాలకు తెలుసు. వాళ్లిద్దరి మధ్య దూరం అరగంట ప్రయాణం.

లెక్కల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వైద్యంలో తమకేం పని అని ఇంజనీరింగ్ విద్యార్థులు అనుకుంటూ ఉంటారు. 1943లో అమెరికాలో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆర్థికవేత్త సైనికుల రక్తపరీక్షల ఖర్చు తగ్గించడానికి ఒక ఉపాయం రాశాడు. ఐదుగురి నమూనాలు ఒక గొట్టంలో కలిపి పరీక్షించండి. లేదని వస్తే ఐదుగురూ బయటపడ్డట్టే. ఉందని వస్తేనే ఐదుగురికీ విడివిడిగా చేయండి. నూటికి ఇద్దరికే జబ్బు ఉందనుకోండి. 100 మందికి 20 గొట్టాలు. వాటిలో ఇంచుమించు రెండు పాజిటివ్ వస్తాయి. ఆ పదిమందికి మళ్లీ చేస్తే మొత్తం 30 పరీక్షలు. 100 చేయవలసిన చోట 30తో పని అయింది. కొవిడ్ కిట్లు దొరకని 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ ఈ పద్ధతిని సూచించింది. కానీ షరతు పెట్టింది: జబ్బు తక్కువగా ఉన్న చోట్లలోనే చేయాలి, నూటికి ఐదుగురి కంటే ఎక్కువమందికి ఉంటే వద్దు. ఎందుకో మీరే లెక్కవేయండి. నూటికి 20 మందికి జబ్బు ఉంటే, 20 గొట్టాల్లో 13 పాజిటివ్ వస్తాయి. ఆ గొట్టాల్లోని వాళ్లందరికీ మళ్లీ చేస్తే మొత్తం 85కు పైనే. మిగిలింది కొద్దే, ఫలితం మాత్రం ఆలస్యం. ఈ వారం మన మండలంలో జబ్బు ఎంత శాతం ఉందో తెలిసిన డాక్టరు, దానికి గొట్టంలో ఎన్ని నమూనాలు కలపాలో లెక్కవేయగల విద్యార్థి రోజూ మాట్లాడుకుంటేనే ఈ ఉపాయం పనికొస్తుంది.

ఇక అజీజ్‌నగర్‌లో చేయగలిగిన ఒక పని చెప్పి ముగిస్తాను. 2020 ఆగస్టులో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం తన హాస్టళ్ల మురుగునీటిని పరీక్షిస్తూ వచ్చింది. ఒక హాస్టల్ నీటిలో వైరస్ కనపడగానే అక్కడున్న 311 మందికి పరీక్షలు చేశారు. ఇద్దరికి ఉంది, ఇద్దరికీ లక్షణాలు లేవు. వాళ్లను విడిగా ఉంచారు, వ్యాప్తి ఆగింది. మన మొయినాబాద్ రోడ్డులో వేలమంది పిల్లలు హాస్టళ్లలో ఉంటారు. వానాకాలంలో జ్వరాలు, కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు, టైఫాయిడ్ ఏటా భయపెట్టేవే. వాటిలో కొన్నింటిని మురుగునీటిలో ముందే పసిగట్టవచ్చు. డెంగీ లాంటి దోమల జబ్బులకు మాత్రం ఇంకా దోమను, నీటి తొట్టినే వెతకాలి.

అరిజోనా పద్ధతిని అలాగే తెచ్చి పెట్టుకోవడానికి వీల్లేదు. వాళ్లకు ఒక్కో హాస్టల్ మురుగు విడిగా బయటికి వచ్చే చోట నమూనా తీయడానికి వీలుంది. మన దగ్గర రెండు మూడు భవనాల గొట్టాలు ఒకే చోట కలుస్తాయి, మెస్ కడుగునీళ్లు కూడా అందులోకే. వేసవిలో ట్యాంకర్ నీళ్లు, మనిషికి దొరికే నీళ్లు తక్కువ, కాబట్టి మురుగు చిక్కన. వానాకాలంలో పల్చన. ఒకే అంకెకు మే నెలలో ఒక అర్థం, ఆగస్టులో ఇంకో అర్థం. ఆ తేడా సరిచేయడానికి సివిల్ ఇంజనీరింగ్ వాళ్లు కావాలి, నమూనా పరీక్షకు మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగం కావాలి. అనుమానం వచ్చిన హాస్టల్ పిల్లల్ని వేలెత్తి చూపకుండా, తాళం వేయకుండా, తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఫలితం భవనానిది, ఏ ఒక్క పిల్లవాడిదీ కాదు.

అన్నిటికంటే ముందు కావలసింది ఒక పటం. ఏ హాస్టల్ మురుగు ఏ మ్యాన్‌హోల్ లోంచి ఎటు పోతుందో, ఎక్కడ ఏది కలుస్తుందో చూపే పటం. సివిల్ మూడో సంవత్సరం విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా గీయగలరు. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఎవరి అనుమతి కోసమో ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. ఈ మాటలు వింటున్న అజీజ్‌నగర్ అధ్యాపకులను నేను అడిగేది ఇదే: వచ్చే జూన్‌లో విద్యాసంవత్సరం మొదలైనప్పుడు ప్రాజెక్టుల జాబితాలో ఆ పటాన్ని చేర్చండి. గీశాక ఒక ప్రతిని యెంకేపల్లికి, ఇంకో ప్రతిని చేవెళ్లకు మీరే తీసుకెళ్లి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అక్కడివాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకుని రండి.